తిన్న తిండి వంటబట్టుట ఎట్లు?

బిడ్డ బక్కచిక్కియున్నపుడు మన గ్రామములలో పెద్దలు అనుమాట ఒకటి కలదు: "తిండికేమి లోపము లేదు, తిన్నది వంటబట్టుట లేదు." ఈ మాట అను ముసలమ్మ శరీరశాస్త్రము చదివియుండదు. అయినను ఆమె పలికినది శాస్త్రమునకు సరిపోవు మాటయే. తినుట వేరు, అరుగుట వేరు, వంటబట్టుట వేరు. అన్నము గొంతు దిగినంత మాత్రమున అది శరీరమునకు చేరినట్లు కాదు.

ఈ భేదముతో పంచాయతీ సభ్యులకేమి పని యని కొందరు అడుగవచ్చును. పని కలదు. తినుట యనునది కుటుంబపు సంపాదనను, వంటింటి అలవాటును బట్టి జరుగును. అరుగుట శరీరము తనంత తాను చేసికొను పని. వంటబట్టుట మాత్రము చాలవరకు గ్రామము త్రాగు నీటిని బట్టియు, గ్రామములోని మలము ఎచ్చటికి పోవుచున్నదను దానిని బట్టియు ఉండును. 1992లో చేయబడిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలు, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. వానిలో త్రాగునీరు, ఆరోగ్య పారిశుద్ధ్యములు, స్త్రీ శిశు సంక్షేమము ఉన్నవి. లెక్కల పుస్తకములో ఇవి వేరు వేరు పద్దులు. బిడ్డ కడుపులో మాత్రము ఇవన్నియు ఒక్కచోటనే కలియుచున్నవి. ఆ చోటు ఎట్టిదో చూతము.

వాకిటిలోని ధాన్యపు బండి

నోటినుండి మలద్వారము వరకు మన శరీరములో ఒక పొడవైన గొట్టము కలదు. దాని లోపలనున్న ఆహారము ఇంకను శరీరమునకు వెలుపల నున్నట్లే లెక్క. ధాన్యపు బండి వచ్చి వాకిటిలో నిలిచినంతనే ధాన్యము గాదెకెక్కినట్లు కాదు. బండి ద్వారబంధములో పట్టదు. బస్తాలు దింపి, మూతులు విప్పి, గంపలకెత్తి, ఒక్కొక్క గంపగ లోనికి చేర్చవలయును. జీర్ణక్రియ యనగా బస్తాలు విప్పుట. శోషణ యనగా గంపలను లోనికి చేర్చుట. మనవారు వంటబట్టుట యనునది ఈ రెండవ పనినే.

అన్నములోను, రొట్టెలోను ఉన్న పిండిపదార్థము వేలకొలది చక్కెర అణువులు గొలుసుగ కూర్చబడినది. పప్పులోను, గ్రుడ్డులోను, మాంసములోను ఉన్న మాంసకృత్తులు అమినో ఆమ్లములను గొలుసుగ కూర్చుటచే ఏర్పడినవి. నూనె, నేయి మొదలగు క్రొవ్వులకును ఇట్టి నిర్మాణమే వేరొక రీతిగ కలదు. ఈ గొలుసులు యథాతథముగ ప్రేవుగోడను దాటజాలవు. వానిని తెగగొట్టుటకు శరీరము ఎంజైములను రసములను తయారుచేసికొనును. ఉప్పు, నీరు, కొన్ని విటమినులు మాత్రము ఇట్లు విడగొట్టకయే లోనికి పోగలవు.

ఈ పని నోటిలోనే మొదలగును. పెద్దవారి నోటిలో దినమునకు లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలము ఊరును. దానిలోని ఎంజైము పిండిపదార్థమును చక్కెరగ మార్చుట నారంభించును. కూర కలుపని అన్నపు ముద్దను చాలసేపు నమిలినచో తియ్యదనము తెలియుటకు కారణమిదియే. మ్రింగిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల ఆహారవాహిక గుండ జారి జీర్ణాశయమును చేరును.

జీర్ణాశయములో ఏమి జరుగునో మానవుడు కన్నులార చూచుట ఒక ప్రమాదము వలన సంభవించినది. 1822 జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినాక్ ద్వీపములో, ఉన్ని తోలు వర్తకుల వద్ద పనిచేయు అలెక్సిస్ సెంట్ మార్టిన్ అను కూలివానికి తుపాకి పేలి ప్రక్కభాగమున గాయమయ్యెను. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతనిని బ్రతికించెను గాని, గాయము మానినను జీర్ణాశయమునకు పోవు రంధ్రము మాత్రము పూడలేదు. బోమాంట్ మాంసపు ముక్కలను పట్టుదారమునకు గట్టి ఆ రంధ్రము గుండ లోనికి దింపి, కొన్ని గంటల పిదప పైకి తీసి, ఎంత కరగినదో చూచుచుండెను. ఇట్టి ప్రయోగములు రెండువందలకు పైగా చేసి 1833లో పుస్తకముగ ప్రకటించెను. ఆహారము కరగుట కేవలము నలుగుట వలన గాక ఒక రసము వలన జరుగుచున్నదనియు, ఆ రసములో తీవ్రమైన ఆమ్లము కలదనియు దానితో స్థిరపడెను. కోపము వచ్చినపుడు జీర్ణక్రియ చెడుటను కూడ ఆయన కనిపెట్టెను. ఆ కూలివాడు ఈ ప్రయోగములతో విసిగి పలుమార్లు విడిచిపోయెను. నేటి ధర్మము ప్రకారము అట్లు చేయుట ఒప్పదు. అయినను విచిత్రమేమనగా, వైద్యుడు 1853లో చనిపోగా, కడుపులో రంధ్రముతోనే సెంట్ మార్టిన్ 1880 వరకు జీవించెను.

ఆ ఆమ్లము హైడ్రోక్లోరికామ్లము. అది రెండు పనులు చేయును. పెప్సిన్ అను ఎంజైమునకు తోడ్పడి మాంసకృత్తుల గొలుసులను తెగగొట్టించును. ఆహారముతో వచ్చు సూక్ష్మక్రిములలో అనేకములను చంపును. ఇది మన గుమ్మముకడ నిలిచిన కావలివాడు. కాని కలుషితమైన నీటిని కడుపునిండ త్రాగినపుడు క్రిములు లెక్కకు మించి వచ్చి, కొన్నియైనను కావలి తప్పించుకొని చిన్నప్రేవులోనికి జారును. జీర్ణాశయములో ఆహారము సామాన్యముగ రెండు నుండి నాలుగు గంటలు నిలిచి, చిక్కని జావవలె మారి, కొంచెము కొంచెముగ ముందునకు పోవును. నూనె వంటకములు మరికొంత సేపు నిలుచును. అందుచేతనే పూరీలు తిన్న దినమున ఆకలి ఆలస్యముగ వేయును.

ముప్పది చదరపు మీటర్ల గాదె

అసలు పని జరుగునది చిన్నప్రేవులో. దాని పొడవు సుమారు 6 మీటర్లు. దాని మొదటి భాగమైన ఆంత్రమూలము పండ్రెండు అంగుళీల వెడల్పంత పొడవుగలదని పాశ్చాత్యులు దానికి పండ్రెండు అని అర్థమిచ్చు పేరే పెట్టిరి. అచ్చటనే కాలేయము నుండి పైత్యరసమును, క్లోమము నుండి క్లోమరసమును వచ్చి చేరును. పైత్యరసము నూనెను సన్నని బిందువులుగ చీల్చును. జిడ్డు గిన్నెను కుంకుడు రసము విడిపించునట్టిదే ఈ పని. క్లోమరసములో పిండిని, మాంసకృత్తులను, క్రొవ్వును మూడింటిని విడగొట్టు ఎంజైములు కలవు. ఇంతటితో బస్తాలు దాదాపు విప్పబడినట్లే.

ఇక గంపలనెత్తువారెవరు? చిన్నప్రేవు లోపలిగోడ నున్నగ నుండదు. ముడుతలు ముడుతలుగ నుండి, ఆ ముడుతలపై మిల్లీమీటరు పొడవైనను లేని లక్షలాది వ్రేళ్లవంటి నిర్మాణములు ముఖమలు గుడ్డమీది నూగువలె నిలిచియుండును. వీనిని ఆంత్రచూషకములందురు. వీనిమీది ప్రతి కణమునకును మరల సూక్ష్మదర్శినిలో మాత్రమే కనబడు నూగు కలదు. ఈ ముడుతలన్నిటిని చాపవలె పరచినచో ఎంత చోటు పట్టునను ప్రశ్నకు వెనుకటి పాఠ్యపుస్తకములు టెన్నిస్ ఆటస్థలమంత యని జవాబు చెప్పెడివి. 2014లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కొలిచి చూచి అది సుమారు 30 చదరపు మీటర్లని తేల్చిరి. అనగా మన పంచాయతీ కార్యాలయములోని ఒక పెద్దగది నేలంత. గొప్ప తగ్గినను ఇదేమియు తక్కువ కాదు. మన శరీరము మీది చర్మము రెండు చదరపు మీటర్లకు మించదు గదా.

ప్రతి ఆంత్రచూషకములోను రక్తనాళములు కలవు, వాని నడుమ శోషరస నాళమొకటి కలదు. చక్కెరయు, అమినో ఆమ్లములును రక్తములోనికి పోయి ద్వారసిర గుండ ముందుగ కాలేయమును చేరును. కాలేయము ఎక్కువైన చక్కెరను దాచి, విషపదార్థములను విడదీసి, మిగిలినదానిని శరీరమంతటికి పంపును. క్రొవ్వు మాత్రము శోషరస నాళములలో ప్రయాణించి, మెడ క్రింద పెద్ద సిరలో కలియును. ఇనుము ముఖ్యముగ చిన్నప్రేవు మొదటి భాగముననే శోషింపబడును. బి12 విటమిను చివరి భాగమున శోషింపబడును. కావున ప్రేవు ఏ భాగమున చెడినదను దానిని బట్టి ఏ లోపము కలుగునో వైద్యులు ఊహింపగలరు.

ఇందులో పంచాయతీ సభ్యులు మరువరాని విషయములు రెండు కలవు. ఒకటి, ఈ ఆంత్రచూషకముల మీది కణములు మూడు నుండి అయిదు దినములలో రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. నిత్యము మరమ్మతు జరుగు గోడ ఇది. మరమ్మతునకు కావలసిన సరకు కూడ తిండినుండియే రావలయును. రెండవది నీటి లెక్క. మనము దినమునకు రెండు లీటర్లు త్రాగినచో, శరీరము తన రసముల రూపమున మరి ఏడు లీటర్ల వరకు గొట్టములోనికి వదలును. ఈ తొమ్మిది లీటర్లలో చిన్నప్రేవు అధికభాగమును తిరిగి పీల్చుకొనును. సుమారు లీటరున్నర పెద్దప్రేవునకు పోవును. అదియు పీల్చుకొనగా మలముతో పోవునది ఒక గ్లాసుకంటె తక్కువ. ఈ వసూలు ఒక్కదినము ఆగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. అతిసారమనగా అదియే.

పెద్దప్రేవు సంగతి క్లుప్తముగ చెప్పవచ్చును. అది లీటరున్నర నీటిలో అధికభాగమును పీల్చును. కోట్లకొలది మేలుచేయు సూక్ష్మజీవులకు ఇల్లైయుండును. అవి మనకరగని పీచును పులియబెట్టి కొంత శక్తిని, కె విటమినును ఇచ్చును.

తిన్నను క్షీణింపజేసిన వ్యాధి

శోషణ చెడినచో మానవుడేమగునో తెలుపు వ్యాధి స్ప్రూ. ఉష్ణదేశములలో వచ్చు ఈ జబ్బులో ఆంత్రచూషకములు అరిగి చదునగును. రోగి తిన్నదంతయు విరేచనములుగ పోవును. నాలుక పుండుపడును, రక్తము తగ్గును, కండ కరగును. 1960 దశకపు తొలి సంవత్సరములలో మన చిత్తూరు సరిహద్దున నున్న ఉత్తర ఆర్కాటు గ్రామములలో ఇది అంటువ్యాధివలె చెలరేగగా, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు గ్రామములకు పోయి పరిశోధించిరి.

ఈ వ్యాధితో తెలుగువారికి వేరొక సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుని ఈ స్ప్రూ వ్యాధియే పొట్టన బెట్టుకొనెను. మదరాసులో వైద్యము చదివి అమెరికా వెళ్లిన సుబ్బారావు అచ్చట లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడైయుండగా, 1945లో ఆయన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేయు మార్గమును కనుగొనెను. అదే సంవత్సరము దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా రక్తము వృద్ధిపొందెను. ఫోలికామ్లము పచ్చని ఆకుకూరలలోనుండు విటమిను. దినదినము క్రొత్త కణములు పుట్టవలసిన ప్రేవుగోడకు అది అత్యవసరము. గోడ చెడినచో ఆ విటమిను లోనికి రాదు. అది రానిచో గోడ బాగుపడదు. అప్పు తీర్చుటకు అప్పు చేయువాని స్థితి ఇది. మాత్ర రూపమున పెద్ద మోతాదులో ఇచ్చుటచే ఆ చక్రము తెగినది. నేడు వైద్యులు దానితోపాటు క్రిములను చంపు మందును కూడ ఇచ్చుచున్నారు. గర్భిణీ స్త్రీలకు ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఈ ఫోలికామ్లమే.

స్ప్రూ నేడు అరుదు. కాని దానికి చిన్నచెల్లెలు వంటి స్థితి ఒకటి అనేక దేశముల బీద గ్రామములలోని బిడ్డలలో కనబడుచున్నది. మలముతో కలుషితమైన నీటిని, మట్టిని దినదినము కొంచెము కొంచెముగ మ్రింగు బిడ్డల ఆంత్రచూషకములు పొట్టివై, గోడ నిరంతరము వాచియుండును. విరేచనములు కాకపోవచ్చును. జ్వరము రాకపోవచ్చును. చూచువారికి బిడ్డ ఆరోగ్యముగనే ఉన్నట్లుండును. కాని శోషణ తగ్గును, ఉన్న శక్తి వాపుతో పోరాడుటకు ఖర్చగును, ఎత్తు పెరుగుట మందగించును. అంగన్వాడీలో గ్రుడ్డు తినుచున్న బిడ్డయు బరువు పెరుగకుండుటకు గల కారణములలో నిది యొకటి.

నీరు ఉప్పు వెంట, ఉప్పు చక్కెర వెంట

అతిసారములో ప్రేవు నీటిని పీల్చుటకు మారు వెలుపలికి క్రుమ్మరించును. అట్టి స్థితిలోను గోడలో ఒక ద్వారము చెడక తెరచియుండును. ఆ ద్వారమున సోడియమును, చక్కెరయు జంటగ లోనికి పోవును. వాని వెంట నీరు పోవును. ఈ జంట ప్రయాణమును 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. దాని ప్రయోజనము లోకమునకు తెల్లమైనది బెంగాలులో. 1971లో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన కాందిశీకులతో నిండిన బన్గాఁవ్ శిబిరమున కలరా వ్యాపించి, నరములోనికెక్కించు సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు చక్కెరల ద్రావణమును డ్రమ్ములలో కలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పది వరకున్న మరణములు నూటికి నాలుగింటికి లోపునకు దిగినవి. 2022లో ఆయన మరణించగా, 2023లో పద్మవిభూషణ బిరుదమును ప్రకటించిరి.

నేడు ప్రతి అంగన్వాడీలోను, ఆశా కార్యకర్త వద్దను ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకును. పొట్లముమీద వ్రాసినంత నీటిలోనే కలుపవలయును. తీపి ఎక్కువైన బిడ్డ ఇష్టముగ త్రాగునని చక్కెర కలుపుటయు, శీతల పానీయములు పట్టుటయు తప్పు. ఎక్కువైన తీపి నీటిని వెలుపలికి లాగి విరేచనములను హెచ్చించును. పొట్లము లేనపుడు శుభ్రమైన లీటరు నీటిలో తలకొట్టిన చిన్న చెంచాలతో ఆరు చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలుపవచ్చును. ఉప్పు వేసిన గంజియు మంచిదే. దానితోపాటు వైద్యసిబ్బంది ఇచ్చు జింకు మాత్రలను విరేచనములు కట్టినను పూర్తి దినములు వాడవలయును. పాలు త్రాగు బిడ్డకు తల్లిపాలు ఆపరాదు. విరేచనములప్పుడు కడుపు మాడ్చవలయునను అలవాటు ఇంకను కొన్ని యిండ్లలో కలదు. గోడ మరమ్మతు జరుగవలసిన దినములలోనే సరకు ఆపుట వంటిది అది. కన్నులు గుంటలుపడినను, బిడ్డ మగతగ నున్నను, మలములో రక్తము కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలయును.

లోపలనున్న దొంగలు

కొంకిపురుగు అర అంగుళము పొడవైనను ఉండదు. చిన్నప్రేవు గోడను కరచి పట్టుకొని రక్తము పీల్చును. దీని పిల్లపురుగులు మలముతో కలసిన తడిమట్టిలో పెరిగి, చెప్పులు లేని పాదముల చర్మము గుండ లోనికి చొచ్చును. ఈ సంగతి ఈజిప్టులో ఆర్థర్ లూస్ అను శాస్త్రజ్ఞుడు, ప్రయోగము చేయుచుండగా పురుగులున్న నీటిబొట్టు తన చేతిమీద పడి దురదపెట్టుటచే కనిపెట్టెను.

లెక్క వేసి చూతము. జాతిని బట్టి ఒక్కొక్క పురుగు వలన దినమునకు 0.03 మొదలు 0.2 మిల్లీలీటర్ల వరకు రక్తము నష్టమగును. నూరు పురుగులున్నచో తక్కువలో తక్కువ 3 మిల్లీలీటర్లు. మిల్లీలీటరు రక్తములో సుమారు అర మిల్లీగ్రాము ఇనుముండును. అనగా దినమునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుము ప్రేవులోనికి కారును. దానిలో కొంత తిరిగి పీల్చబడినను, ఆరోగ్యవంతుడైన పురుషుడు తిన్న తిండినుండి దినమునకు సంపాదించు ఇనుము సుమారు ఒక్క మిల్లీగ్రామే. ఆదాయముకంటె దొంగతనమే మిన్నయైనపుడు రక్తహీనత రాక మానునా? ఏలికపాములు రక్తము పీల్చవు గాని బిడ్డ తిన్నదానిలో పాలు పంచుకొనును. 2015 నుండి ఒకటి మొదలు పంతొమ్మిదేండ్ల వరకు వయసుగల పిల్లలకు నులిపురుగుల నివారణ దినమున ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చు కార్యక్రమము నడచుచున్నది. మాత్ర లోపలి పురుగును చంపును. పెరటి మట్టిలోని పురుగును చంపదు.

వంటింటిలో పోవునది, వచ్చునది

ఒకే పదార్థము తిన్న తీరును బట్టి ఎక్కువగనో తక్కువగనో వంటబట్టును. పప్పులలో, ధాన్యములలో ఫైటేటు అను పదార్థము ఇనుమును, జింకును పట్టుకొని విడువదు. నానవేయుట, మొలకెత్తించుట, పులియబెట్టుట వలన అది తగ్గును. మన ఇడ్లీ పిండి పులియుటలో రుచి యొక్కటే కాదు, ఈ లాభము కూడ కలదు. పచ్చని ఆకుకూరలలోని ఇనుము నిమ్మ, ఉసిరి, జామ వంటి సి విటమినుగల వానితో కలసిన బాగుగ శోషింపబడును. భోజనము కాగానే త్రాగు టీ దానిని అడ్డగించును. టీకి గంటసేపైనను ఎడమీయవలయును. మునగాకులోని, క్యారెట్టులోని ఏ విటమిను మూలద్రవ్యము నూనెలోనే కరగును గనుక చెంచా నూనెతో వండవలయును. గర్భిణులు ఇనుపమాత్రను, కాల్షియము మాత్రను ఒక్కసారే మ్రింగుదురు. అవి ఒకదానికొకటి పోటీ. ఉదయమొకటి, రాత్రి యొకటిగ వేరుచేసికొనవలెను. పాలు పడనివారిలో అనేకులకు పెరుగు పడును. పాలలోని చక్కెరను కొంత తోడు క్రిములే విడగొట్టియుంచుట అందుకు కారణము.

పంచాయతీ చేతిలోనున్నది

ఇంటింట మరుగుదొడ్డి కట్టించినచో బిడ్డలు వెంటనే పొడవు పెరుగుదురని ఒకప్పుడు ఆశించిరి. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వే దేశములలో పెద్ద ఎత్తున జరిపి, 2018, 2019 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలు ఆ ఆశను తగ్గించినవి. కుటుంబమునకొక సాధారణపు దొడ్డి, చేతులు కడుగు వసతి, క్లోరిను ఇచ్చినను బిడ్డల ఎత్తులో మార్పు రాలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనములు మాత్రము తగ్గినవి. పారిశుద్ధ్యము వ్యర్థమని దీని అర్థము కాదు. చుట్టునున్న మట్టిలోను, నీటిలోను, కోళ్లు పశువులు తిరుగు వాకిటిలోను మలము మిగిలియుండగ, ఇంటికొక చిన్న ఏర్పాటు చాలదని చాలమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఈ వ్యాస రచయిత అభిప్రాయమును అదియే. ఒక యింటివారు చేయలేని పని కావుననే అది పంచాయతీ పనియైనది.

కావున మరుగుదొడ్లు ఎన్ని కట్టితిమను లెక్కతో ఆగక, వానినుండి వెలువడునది ఎచ్చటికి పోవుచున్నదో చూడవలయును. అనేక గ్రామములలో సెప్టిక్ ట్యాంకు గొట్టము నేరుగ వీధి మురుగుకాలువలోనికే వదలబడియున్నది. ఆ కాలువ పొంగి బడిపిల్లలు నడచు దారిమీదికి వచ్చును. దానికంటె రెండు గుంతల దొడ్డి మేలు. ఒక గుంత నిండిన పిదప రెండవదానికి మళ్లించి, మొదటిదానిని ఏడాదికి తక్కువ కాకుండ కదల్పక ఉంచినచో మలము ఎరువగును. త్రాగునీటి బావికి, బోరింగునకు కనీసము పదునైదు మీటర్ల దూరముండవలయును. పసిబిడ్డ మలము హాని చేయదని పెరటిలో పారవేయు అలవాటు అంతటను కలదు. దానిలోను క్రిములు ఉండును. అదియు దొడ్డిలోనే పడవలయును.

నీటి విషయమున పెద్ద ప్రమాదము ట్యాంకులో గాక దారిలో నున్నది. నీరు వదలు గంట గడచి పంపు ఆగగానే గొట్టములోని ఒత్తిడి పడిపోవును. అప్పుడు పగిలినచోట, జాయింటు వదులైనచోట చుట్టునున్న మురుగునీరు లోనికి లాగబడును. మరునాడు మొదట వచ్చు నీరదియే. నీరు ఎక్కుటలేదని కొళాయికడ గుంత త్రవ్వి, క్రిందనే గొట్టము తెరచి పట్టుకొనుట పలు గ్రామములలో చూచుచున్నాము. ఆ గుంత నిండియున్నపుడు పంపు ఆగినచో గుంతనీరు వీధివారందరి గొట్టములోనికి పోవును. వాల్వు గుంటలు మురుగుతో నిండియుండుటయు ఇట్టిదే. ఇవి పూడ్చుటకు పెద్ద నిధులక్కరలేదు. ఏ వీధి గొట్టము కాలువలో మునిగియున్నదో ఆ వార్డు సభ్యునికి తెలిసియేయుండును.

బ్లీచింగు పొడిని మూతిగట్టి పొడిచోట ఉంచవలయును. తేమ తగిలిన పొడి వాసనయే గాని పని చేయదు. వేసిన పిదప అరగంటయైనను గడువక నీరు వదలరాదు. క్లోరిను పరీక్షను ట్యాంకుకడ గాక, చివరి వీధిలోని చివరి కొళాయికడ, ఉదయము నీరు వచ్చిన మొదటి నిమిషములలో చేయింపవలయును. అచ్చట లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరినైనను మిగిలియుండవలయును. పరీక్షగొట్టములో పసుపురంగు కనబడనియెడల ట్యాంకులో పొడి హెచ్చించుటకంటె ముందు, ట్యాంకునుండి ఆ కొళాయి వరకు గొట్టము వెంట నడచి, అది ఎచ్చట పగిలినదో వెదకవలయును.